మనలోనుండి పైకి వెళ్ళిన పర్యవేక్షకులతో

(రైల్వే, తపాలా శాఖలలో పర్యవేక్షక శ్రేణులకు పదోన్నతి పొందిన సభ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి వచ్చిన మీలో చాలామంది నిన్నమొన్నటిదాకా గ్యాంగులో సుత్తి పట్టినవారు, ట్రాలీ తోసినవారు, సంచి భుజాన వేసుకొని బీటు తిరిగినవారు, సార్టింగు కేసు ముందు రాత్రంతా నిలబడినవారు. పరీక్ష వ్రాసో, సీనియారిటీ మీదనో పైకి వచ్చారు. ఈనాడు మస్టరు మీ చేతిలో వున్నది. సెలవు అర్జీపై సంతకం మీది. పదిమందో నలభైమందో మీరు చెప్పిన చోట, మీరు చెప్పిన వేళకు పనిచేయవలసినవారై వున్నారు. కార్మికసంఘం తరగతిలో అధికారం చేయడాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరు మిత్రులు మమ్ములను అడిగారు. అది యాజమాన్యం తన ఖర్చుతో చెప్పుకోవలసిన పాఠం గదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

మా జవాబు ఇది. పైకి వెళ్ళిన మనిషి మన సభ్యుడే, క్రింద మిగిలిన మనిషీ మన సభ్యుడే. ఇద్దరి నడుమ వ్యవహారం చెడినప్పుడు సంఘం ఏ పక్షాన నిలబడాలన్నది చాలా యేళ్ళుగా మేము తేల్చకుండా దాటవేస్తూ వచ్చిన విషయం. దాటవేసినందువల్ల ఏమి జరిగిందో మా అనుభవంలోని ఒక ఘటనతో మొదలుపెడతాము. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పము. వాటితో మనకు పని లేదు.

ఒక సెక్షనుకు కొత్తగా పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇప్పుడు ఆ హోదా సీనియర్ సెక్షన్ ఇంజనీరు అయింది గాని గ్యాంగులలో నేటికీ పి.డబ్ల్యు.ఐ. అనే పిలుస్తారు. ఆయన అంతకుముందు మా బ్రాంచి కార్యవర్గంలో వున్నవాడు. పదోన్నతి వచ్చిననాడు మేమే పూలమాల వేసి పంపాము. పనిమంతుడు, పరాయి రూపాయి ముట్టనివాడు. అయితే భయం లేనిదే మనిషి పని చేయడని ఆయనకు గట్టి నమ్మకం. కీమన్ తన బీటులో క్లిప్పు ఊడిందనో, వెల్డు దగ్గర పగులు కనిపించిందనో పుస్తకంలో వ్రాస్తే, "నిన్న ఎందుకు చూడలేదు?" అని సంజాయిషీ అడిగేవాడు. సంజాయిషీ వెనుకనే ఎస్.ఎఫ్.-11 వచ్చేది. కొద్ది మాసాలలో కీమన్ల పుస్తకాలలో లోపాలు తగ్గిపోయాయి. పై ఆఫీసువారు తనిఖీకి వచ్చి ఆ పుస్తకాలు చూచి మెచ్చుకున్నారు కూడా.

ఒక డిసెంబరు తెల్లవారుజామున గూడ్సు నడుపుతున్న లోకో పైలట్ పలానా చోట బండి కుదిపిందని ముందు స్టేషనులో తెలియజేశాడు. పోయి చూస్తే వెల్డు విరిగి పట్టా ఎడమై వున్నది. వెనుక రావలసిన ప్యాసింజరును ఆపగలిగారు కనుక ప్రమాదం తప్పింది. విచారణలో తేలిందేమంటే, ఆ పగులును కీమన్ మూడు రోజుల ముందే చూచాడు. వ్రాయలేదు. వ్రాసి ఛార్జిషీటు తెచ్చుకోలేక, వదిలివేసి నిద్రపోలేక, డ్యూటీ ముగిసిన తరువాత ప్రతి సాయంకాలం టార్చిలైటు పట్టుకొని అంతదూరం నడిచిపోయి ఆ వెల్డును చూచి వచ్చేవాడట. మా ఎదుట కూర్చుని అతడు ఆ మాట చెప్పినపుడు మేము తల ఎత్తలేకపోయాము.

అతనికి ఎస్.ఎఫ్.-5 ఇచ్చారు. డిఫెన్సు మేమే నడిపాము. తన పేరు బయటకు రాకుండా చూడమని ఇన్‌స్పెక్టరు కూడా మా ఆఫీసుకే వచ్చాడు. మేము వ్రాయించిన జవాబులో కీమన్ సర్వీసు, బీటు పొడవు, ఖాళీగా వున్న పోస్టుల సంఖ్య, అన్నీ వున్నాయి. లోపం వ్రాసిన పాపానికి ఆ సెక్షనులో వరుసగా వచ్చిన ఎస్.ఎఫ్.-11ల జాబితా మాత్రం లేదు. అది మా బీరువాలోనే వున్నది. పెడితే మన మనిషికే తగులుతుందని పెట్టలేదు. కీమన్ ఇంక్రిమెంట్లు పోయాయి. ఆ ఒక్క కాగితం జతపరచకపోవడాన్ని మేము చేసిన తప్పులలో మొదటిదిగా ఈనాటికీ లెక్కించుకుంటున్నాము. మీ ముందు నిలబడి అధికారాన్ని గురించి మాట్లాడే యోగ్యత మాకు ఏమైనా వుంటే, అది ఆ తప్పునుండి వచ్చినదే.

భయం పని చేయిస్తుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఎదుట నిలబడినంతసేపు చేయిస్తుంది. కాని మన శాఖలలో పర్యవేక్షకుడు ఎదుట నిలబడి చేయించే పని ఎంత? కీమన్ ఒంటరిగా నడుస్తాడు. పాయింట్స్‌మన్ రాత్రివేళ యార్డు చివర ఒక్కడే వుంటాడు. గ్రామీణ డాక్ సేవక్ బస్సు పోని ఊరికి తన సైకిలు మీద తానే పోతాడు. అక్కడ ఏమి వున్నదో మీకు తెలియాలంటే అతడు నోరు విప్పి చెప్పాలి. చెప్పినవానిని దండిస్తే ఆగేది చెప్పడమే గాని లోపం కాదు.

ఇదంతా రైలుపట్టాల కథ, మాకేమి అని తపాలా మిత్రులు అనుకోవద్దు. మీ శాఖలో ఇదే జబ్బు అంకెల రూపంలో వున్నది. గ్రామీణ తపాలా జీవిత బీమా 1995లో, సుకన్య సమృద్ధి ఖాతా 2015లో, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2018లో వచ్చాయి. మూడూ జనానికి పనికివచ్చేవే. అయితే "ఈ నెల ఇన్ని ఖాతాలు తెరవవలసిందే" అన్న హుకుం క్రింది ఊరిదాకా దిగినపుడు ఏమవుతున్నదో మీకు మేము చెప్పనక్కరలేదు. బ్రాంచి పోస్టుమాస్టరు సొంత సొమ్ముతో బంధువుల పేర ఖాతాలు తెరుస్తాడు. మేళా నాటికి అంకె నిండుతుంది. మరుసటి నెలనుండి ఆ ఖాతాలలో రూపాయి కదలదు. ఎవరి సొమ్ము అది? 2018 మే 22న మొదలైన సమ్మె తరువాత, ఆ యేడు జూలైనుండి, నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాస్టరు మూలభత్యం 12,000 రూపాయలుగా నిర్ణయమైంది. పదహారు రోజులు వీధిలో కూర్చుని సాధించుకున్న ఆ భత్యంలోనుండి పర్యవేక్షకుని అంకెకు చందా కట్టించుకుంటున్నాము. వెనుకబడినవారి జాబితాను రాత్రి పది గంటలకు ఫోనులో పదిమందికీ కనపడేలా పెట్టే అలవాటు ఇప్పుడు వచ్చింది. పెట్టేవారిలో మన సభ్యులూ వున్నారు. పెట్టమన్నది పైవారే కావచ్చు. కాని ఆ జాబితాకు ఎగతాళి మాట ఒకటి తగిలించమని పైవారు చెప్పలేదు గదా.

మరి పని ఎలా జరగాలి? దీనికి దూరదేశాల పుస్తకాలు తిరగవేయనక్కరలేదు. 1953లో అహమదాబాదు కాలికో మిల్లులో జరిగిన ప్రయోగం ఒకటి వున్నది. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ అక్కడ ఆటోమేటిక్ మగ్గాల షెడ్డును పరిశీలించాడు. కొత్త మగ్గాలు వచ్చినా దిగుబడి పెరగలేదు, చెడిపోయే గుడ్డ తగ్గలేదు. నేత ఒకరిది, పోగు అతికేది మరొకరు, నూనె వేసేది ఇంకొకరు. ఎవరి ముక్క వారిది, ఏ మగ్గానికీ పూర్తి బాధ్యుడు లేడు. కొన్ని మగ్గాలకు కొందరు కలిసి ఒక జట్టుగా బాధ్యత తీసుకుంటే ఎలా వుంటుందన్న ఆలోచన బయటపెట్టగానే కార్మికులే దానిని అందుకున్నారు. ఎవరెవరు ఏ జట్టులో వుండాలో తామే ఎంచుకున్నారు. దిగుబడి పెరిగింది, చెడిన గుడ్డ తగ్గింది. 1970లో మళ్ళీ పరిశీలించేనాటికి ఆ పద్ధతి ఒకచోట నిలిచి వున్నది, మరొకచోట పాత దారికే పోయింది. పోవడంలో ఆశ్చర్యం లేదు. ఇలాంటి ఏర్పాటును ఒకసారి పెట్టి వదిలేస్తే నిలవదు.

దీనిని చదివినపుడు మాకు మన గ్యాంగే గుర్తుకు వచ్చింది. మేట్, కీమన్, గ్యాంగు, వారి సొంత బీటు. ఆ బీటులో ఏ వంపు దగ్గర వానాకాలం బ్యాలస్ట్ జారుతుందో కళ్ళు మూసుకొని చెప్పగలిగేవారు. ఆర్.ఎం.ఎస్.లో రాత్రి సెట్టు కూడా అంతే. హెడ్ సార్టరు, అతని మనుషులు, తెల్లవారేలోగా కేసు ఖాళీ చేయడం తమ పరువుగా భావించేవారు. జట్టు అనేది మనకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు. ఖాళీలు నింపక, ఒక గ్యాంగునుండి ఇద్దరిని, మరొక గ్యాంగునుండి ముగ్గురిని రోజుకొక చోటికి లాగి, ఉన్న జట్టును మనమే చెదరగొడుతున్నాము. ఖాళీలు నింపే అధికారం మీకు లేదు, నిజమే. ఎవరిని ఎక్కడికి పంపాలో ముందురోజు మేట్‌ను పిలిచి అడిగే అధికారం మాత్రం వున్నది. దానికి ఏ సర్క్యులరూ అడ్డం రాదు.

విశ్రాంతి, సెలవు విషయంలోనూ ఇంతే. 1989 రైల్వే చట్టం ప్రకారం కంటిన్యువస్ శ్రేణి ఉద్యోగికి రెండు వారాల సగటున వారానికి 54 గంటలకు మించి పని వుండరాదు. ప్రతి వారం ఎడతెగని 30 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఇది ఎవరి దయా కాదు. రోస్టరు గోడకు అంటించి వుంటుంది, జరిగేది వేరొకటి. మనుషులు తక్కువైనపుడు విశ్రాంతిని కోసేది ఎవరికి? ఎదురు చెప్పలేనివానికి. మీ సెక్షనులో గత మూడు మాసాలలో విశ్రాంతి కోల్పోయిన పేర్లు ఒక కాగితం మీద వ్రాసి చూడండి. ఒకే పేరు నాలుగుసార్లు వస్తే అది మనుషుల కొరత వల్ల వచ్చినది కాదు.

మేము చూచిన ఒక సబ్ పోస్టాఫీసు సంగతి చెబుతాము. అక్కడ సంక్రాంతి సెలవులంటే ప్రతి యేడూ గొడవే. అందరికీ ఇంటికి పోవాలి, పోగలిగేది ముగ్గురు. కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు గారు, ఆమె కూడా కౌంటరు గుమాస్తాగా మొదలైనవారే, గత అయిదు సంక్రాంతులకు ఎవరు పోయారో, ఎవరు ఆగారో పాత రిజిస్టరునుండి తీయించి గోడకు పెట్టారు. మరేమీ మాట్లాడలేదు. రెండు రోజులు అందరూ దానిని చదివారు. మూడవరోజు వరుసగా నాలుగేళ్ళు పోయిన పోస్ట్‌మన్ ఒకరు తానే వచ్చి ఈసారి నేను ఆగుతాను అన్నాడు. ఆ జాబితాలో తన పేరు ఎదుట కూడా ఆమె లెక్క వేసి పెట్టుకున్నారు; మూడుసార్లు పోయినట్లు వున్నది. ఆ యేడు ఆమె ఆఫీసులోనే వున్నారు. పండుగనాడు డెలివరీ ముగించి వచ్చినవారికి ఇంటినుండి అరిసెలు తెచ్చి పెట్టారని ఆ ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక బంగళా పని. దీనిని గురించి సభలలో మాట్లాడటం మర్యాద కాదనుకుంటాము గాని మాట్లాడకపోతే తీరదు. మస్టరులో గ్యాంగుతో హాజరు, మనిషి మాత్రం అధికారి ఇంటి తోటలో. ఆ ఇద్దరూ లేకపోవడంతో గ్యాంగులో కాపలాకు నిలబడవలసిన లుకౌట్ మన్ కూడా సుత్తి పట్టవలసి వస్తున్నది. బండి వస్తున్న సంగతి చెప్పేవాడు లేడు. మస్టరుపై సంతకం మీది. జరగరానిది జరిగితే విచారణకు పిలిచేది బంగళా వారిని కాదు, మిమ్ములనే. పంపను అన్నందుకు బదిలీ అయిన ఇన్‌స్పెక్టర్లు ఒకరిద్దరు మాకు తెలుసు. అటువంటి బదిలీపై ఆ ఒక్కని అర్జీతో సరిపెట్టకుండా బ్రాంచి మొత్తం డివిజను ఆఫీసు ముందుకు రావాలని మేము కోరుతున్నాము.

మనిషిని గురించి మీరు వ్రాసే వార్షిక నివేదిక ఇంకొకటి. మేము ఉద్యోగంలో చేరినపుడు అది రహస్యం. నీ గురించి ఏమి వ్రాశారో నీకు తెలిసేది కాదు, ప్రతికూలమైతేనే కబురు. 2008 మే 12న దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఆయన బోర్డర్ రోడ్స్ సంస్థ ఇంజనీరు. పదోన్నతికి "చాలా మంచిది" అన్న మాట కావలసివుండగా ఒక యేడు "మంచిది" అని వ్రాశారు, ఆయనకు చెప్పలేదు. మంచిదైనా చెడ్డదైనా ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయవలసిందేనని కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి యేడు ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఏడవ వేతన సంఘం తరువాత, 2016 జూలైనుండి, పది, ఇరవై, ముప్ఫై యేళ్ళకు వచ్చే ఎం.ఎ.సి.పి.కి కూడా "చాలా మంచిది" తప్పనిసరి చేశారు. అంటే మీరు బద్ధకించి ఒక గడిలో "మంచిది" అని వ్రాస్తే ఒక కుటుంబానికి యేళ్ళ తరబడి జీతం తగ్గుతుంది. అందరికీ కళ్ళు మూసుకొని పై గ్రేడు వేయమని మేము అనడం లేదు. అట్లా వేసేవారు కష్టపడినవానికి ద్రోహం చేస్తున్నారు. మనిషిని మార్చి నెలలో కాక జూలైలోనే పిలిచి, నీ పనిలో నాకు ఈ లోపం కనపడుతున్నది అని ఎదుట చెప్పండి. దిద్దుకునేందుకు అతనికి ఎనిమిది మాసాలు దొరుకుతాయి.

నియామకాల విషయానికి వద్దాము. మనిషిని ఎంచుకునే హక్కు మన పర్యవేక్షకులకు లేదంటారు. ఎప్పుడూ అంతే కాదు. మేము చేరేనాటికి 1974 మే సమ్మె జరిగి ఇరవై యేళ్ళు కావస్తున్నది. పెద్దల నోట ఆ ఇరవై రోజుల సంగతులు వింటూ పనిచేశాము. సమ్మెలో పాల్గొన్నవారిని తొలగించి, పాల్గొననివారి బిడ్డలకు విధేయత పేరున కొలువులు ఇచ్చారు. ఆ బిడ్డలు చేసిన తప్పు ఏమీ లేదు. అయినా ఒకే గ్యాంగులో, ఉద్యోగం పోయి 1977 తరువాత తిరిగి వచ్చినవాడూ, అతని ఖాళీలో అన్నట్లుగా వచ్చినవాడూ పక్కపక్కన బ్యాలస్ట్ ఎత్తవలసి వచ్చింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రిటైరైనవారు వున్నారు. మనిషిని ఏ కారణంగా తీసుకున్నారన్నది ఆ జట్టులో అంతకాలం బ్రతికి వుంటుంది.

క్యాజువల్ లేబరు కాలంలోనయితే ఇన్‌స్పెక్టరు కలమే నియామకం, కలమే తొలగింపు. ఓపెన్ లైనులో 120 రోజులు నిండితే టెంపరరీ హోదా ఇవ్వవలసి వస్తుంది కనుక, నిండబోతున్న వేళ పేరు కొట్టివేసి మరో పేరుతోనో మరో చోటనో పనికి పెట్టేవారు. ప్రాజెక్టులలో పనిచేసినవారి విషయం ఇందర్‌పాల్ యాదవ్ కేసుగా సుప్రీంకోర్టుకు పోయి, 1985లో 360 రోజుల సర్వీసు వున్నవారికి దశలవారీగా హోదా ఇచ్చే పథకం ఖాయమైంది. అప్పుడు మనిషికి ఆధారం ఏది? ఇన్‌స్పెక్టరు సంతకం చేసిన లేబరు కార్డు. కార్డు సరిగ్గా నింపిన ఇన్‌స్పెక్టర్ల సెక్షన్లలో మనుషులు పర్మనెంటు అయ్యారు. నింపనివారి సెక్షన్లలో ముసలివారై కోర్టుల చుట్టూ తిరిగారు. నేడు ఆ స్థానంలో కాంట్రాక్టరు మనిషి వున్నాడు. అతడు మీ మస్టరులో లేడు గాని మీ పట్టాల మీదనే వున్నాడు. పని మొదలయ్యే ముందు అతనికీ బండ్ల వేళలు చెప్పడం మీ విధి.

ఇప్పుడు వచ్చేవారు ఎవరు? 2019లో 1,03,769 లెవెల్-1 కొలువులకు ప్రకటన వెలువడితే కోటికి పైగా దరఖాస్తులు పడ్డాయి. పరీక్ష 2022 ఆగస్టులో గాని మొదలు కాలేదు. పదవ తరగతి చాలునన్న ఉద్యోగానికి డిగ్రీలు, ఇంజనీరింగు పట్టాలు చేతబట్టుకొని, మూడేళ్ళు ఎదురుచూచి వచ్చిన పిల్లలు వీరు. వారిని చూచి మన పాత మేట్లు ఒకరకంగా బెదిరిపోతున్నారు, ఆ బెదురును ఎగతాళిగా మారుస్తున్నారు. "ఇంజనీరు గారూ, పార పట్టండి" అంటున్నారు. పిల్లలేమో మరో పరీక్ష పుస్తకం సంచిలో పెట్టుకొని ఎప్పుడు పోదామా అని చూస్తున్నారు. నష్టం ఇద్దరికీ. డబుల్ లైను మీద ఒక బండికి తప్పుకోబోయి రెండవ లైనులో నిలబడటం కొత్తవాడు చేసే పొరపాటు. ఆ ఒక్క సంగతి ఒంటికి పట్టేదాకా కొత్తవానిని మేట్ తన పక్కనుండి కదలనీయరాదు. తరగతిలో చెప్పిన పాఠం దానికి చాలదు. మేట్‌కు అందుకు వేళ ఇవ్వండి. కొత్తవాడు వచ్చిన నెలలో ఆ గ్యాంగుకు పని కొంత తగ్గించి వేయండి. చదువుకున్న పిల్లవానితో కొలతల పుస్తకం వ్రాయించండి, కారణం అడిగితే చెప్పండి. "నీకెందుకు" అన్న మాట మన నోటినుండి రాకూడదు. అదే మాట మనము కుర్రవాళ్ళుగా వున్నపుడు విని సంఘంలో చేరాము.

ఆడపిల్లలు కూడా గ్యాంగులలోకి వచ్చారు. బరువు ఎత్తగలరా లేదా అన్న చర్చ మనవారికి ఎక్కువ. మైళ్ళ పొడవునా మరుగు లేని లైనులో ఎనిమిది గంటలు వారు ఎక్కడికి పోవాలన్న ఆలోచన తక్కువ. మధ్యాహ్నందాకా నీళ్ళు త్రాగకుండా పనిచేస్తున్నామని ఒక సభ్యురాలు మాతో చెప్పారు. ఆ రోజు పనిని ఏ గేటుకు, ఏ స్టేషనుకు దగ్గరగా వేయాలన్నది మీ కలంలో వున్న విషయమే. ఆ మాట ఆమె ఇన్‌స్పెక్టరుతో చెప్పలేక మూడు మాసాలు ఆగి సంఘంతో చెప్పారంటే ఆలోచించవలసింది ఆయన ఒక్కడే కాదు.

చివరగా ఒక నిర్ణయం. ఇకమీదట డిఫెన్సు జవాబు వ్రాసేటప్పుడు, ఆ సెక్షనులో అంతకుముందు లోపాలు తెలియజేసినవారికి ఏమి జరిగిందో ఆ వివరం తప్పక జతపరుస్తాము. పర్యవేక్షకుడు మన సభ్యుడైనా సరే, మా పాత మిత్రుడైనా సరే. ముందే చెబుతున్నాము, తరువాత నిష్ఠూరమాడవద్దు. అదే సమయంలో, నిజం వ్రాసిన కీమన్‌ను కాపాడినందుకో, లేని ఖాతాల అంకె పంపనన్నందుకో ఏ పర్యవేక్షకునిపైన అయినా ఛార్జిషీటు వస్తే, దాని డిఫెన్సు కూడా మేమే నడుపుతాము.

రేపు ఉదయం తొమ్మిదింటికి తరగతి మళ్ళీ మొదలవుతుంది. ఎవరి సెక్షను రోస్టరు, సెలవు రిజిస్టరు నకలు వారు తెచ్చుకోవాలని కోరాము. తేనివారు ఈ రాత్రికి ఫోను చేసి తెప్పించుకోవలసింది. ఇందాక చెప్పిన కాగితం, విశ్రాంతి కోల్పోయినవారి పేర్ల కాగితం, అక్కడ కూర్చుని మన చేతులతో మనమే తయారు చేద్దాము.